నోటుపుస్తకం దగ్గర ఆగిపోయిన ఉద్యమం

వ్యావహారిక భాషోద్యమాన్ని గురించి రాసినవాళ్లలో చాలామంది దాన్ని సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయంగా రాశారు. గ్రాంథికం ఓడింది, వాడుకభాష గెలిచింది, పత్రికలు మారాయి, కథా నవలా జనం భాషలోకి వచ్చాయి అని చెప్పి ముగించారు. ఇది అబద్ధం కాదు. కాని సగం నిజం. ఆ పోరాటం పుట్టింది కవిపండిత సభలో కాదు, బడిలో. మొదటి తగువు వచ్చింది కావ్యం మీద కాదు, స్కూలు ఫైనలు కుర్రవాడు పరీక్షలో రాయవలసిన వ్యాసం మీద. మరి బడిలో పుట్టిన ఉద్యమం చివరికి బడిని గెలిచిందా? ఈ ప్రశ్న వేసుకోకుండా మనం గిడుగువారి జయంతులు జరుపుకుంటున్నాం.

గెలవలేదనే నేనంటాను. పాఠ్యపుస్తకం భాష మారింది. పరీక్షపత్రం భాష మారింది. విద్యార్థి నోటుపుస్తకం మాత్రం మారలేదు. అందులో ఉన్నది నేటికీ ఎవరో చెప్పిన వాక్యమే. వాక్యం వాడుకభాషలో ఉండవచ్చు, అది ఆ పిల్లవాడి వాడుక మాత్రం కాదు.

నిడదవోలులో ఒక మిత్రుని యింట నేను చూసిన నోటుపుస్తకం సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయిది. చేతిరాత ముత్యాల్లా ఉంది. ప్రశ్నలు నల్లసిరాతో, జవాబులు నీలిసిరాతో, మార్జిను ఎర్రగీతతో. సామాన్యశాస్త్రంలో పీడనం అంటే ఏమిటన్న ప్రశ్నకు, ప్రమాణ వైశాల్యం మీద లంబంగా పనిచేసే బలమని రాసి ఉంది. తప్పేమీ లేదు. ఆ యిల్లు కాలువగట్టున ఉంది. గోదావరి ఆనకట్ట దగ్గర విజ్జేశ్వరంలో బయలుదేరే పడమటి డెల్టా కాలువ నీళ్లు ఆ పిల్ల పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. “ఏమ్మా, కాలువ నిండుగా ఉన్నప్పుడు తూము తలుపు ఎత్తటం ఎందుకు కష్టమవుతుంది?” అని అడిగాను. ఆ పిల్ల కాసేపు పుస్తకం తిరగేసి, “అది మా నోట్సులో లేదండి” అంది.

ఆ అమ్మాయి మొద్దు కాదు. మాటకారి కూడాను. తూము తలుపును నీళ్లు ఎలా తోస్తాయో, నలుగురు కలిసి ఎలా ఎత్తుతారో ఆ తరవాత తన మాటల్లో గడగడా చెప్పింది. నీళ్ల లోతు పెరిగేకొద్దీ తలుపును గాడికి అదిమిపెట్టే ఒత్తిడి పెరుగుతుందన్న సంగతికి ఆమె ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ అడుగు వెయ్యటానికి కావలసిన వాక్యాన్ని బడి ఆమెచేత ఎన్నడూ రాయించలేదు. ఆమె రోజుకు నాలుగు పేజీలు రాస్తుంది. ఏడాదికి ఒక్క వాక్యం రాయదు. దించుకోవటాన్నే రాయటం అనుకుంటున్న మన చదువు సారాంశమంతా ఈ మాటలో ఉంది.

ఇక్కడ చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్లాలి. పాఠశాలల్లో భాషను సంస్కరించాలని ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో నడుం కట్టిన నలుగురెవరు? గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్సు. వీరిలో ఏ ఒక్కరూ ఉద్యోగరీత్యా తెలుగు పండితులు కారు. గిడుగువారు పర్లాకిమిడిలో చరిత్ర బోధించినవారు. అయ్యంగారు చరిత్రకారుడు. యేట్సు బళ్లు తనిఖీ చేస్తూ, ఈ పిల్లలు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత దూరమేమిటని అడిగిన పరాయిదేశస్థుడు. భాష సంగతి తెలుగు క్లాసులో బయటపడలేదు. చరిత్ర క్లాసులో, తనిఖీలో బయటపడింది. చరిత్ర చెప్పే మాష్టారికి తన విద్యార్థి చరిత్రను అర్థం చేసుకున్నాడా లేదా అన్నది ముఖ్యం. వాడు అరసున్నా ఎక్కడ పెట్టాడన్నది ముఖ్యం కాదు. వాడుకభాష కావాలన్న కోరిక వెనక, అన్ని విషయాలూ అర్థమయ్యే చదువు కావాలన్న కోరిక ఉంది. తరవాతి కాలంలో మనం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని జారవిడిచాం.

1912-13లో స్కూలు ఫైనలు బోర్డు ఒక సదుపాయం ఇచ్చింది. విద్యార్థి వ్యాసాన్ని కావ్యభాషలోనైనా రాయవచ్చు, ఆధునిక భాషలోనైనా రాయవచ్చు. కావ్యభాషకు నమూనాగా చిన్నయసూరి నీతిచంద్రికను చూపింది. ఆధునిక భాషకు నమూనాగా ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను చూపింది. పండితులు భగ్గుమన్నారు. వేదం వేంకటరాయశాస్త్రి, జయంతి రామయ్యపంతులు వంటి పెద్దలు ఎదురు నిలిచారు. ఆ సదుపాయం ఎంతోకాలం నిలవలేదు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతిపత్రం ఆ పోరులో భాగమే. తరవాత 1919లో రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు అధ్యక్షులుగా వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. 1925లో నిడదవోలుకు పొరుగునే ఉన్న తణుకులో, ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గిడుగువారు నాలుగు గంటలసేపు మాట్లాడి, గ్రాంథికవాదుల రాతల్లోనే గ్రాంథికం తప్పులు ఎత్తిచూపారు. ఈ కథ మనకు తెలిసిందే.

కాని ఆ రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నీతిచంద్రిక పంచతంత్రం కథలను తెలుగు చేసిన పుస్తకం. అందులోని జ్ఞానం అంతకుముందే తయారై ఉంది. సూరి ప్రతిభ ఉన్నది దానికి పెట్టిన వాక్యంలో. కాశీయాత్రచరిత్ర తీరు వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి 1830 మేలో బయలుదేరి, పదిహేను నెలలకు పైగా తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిపొడుగునా చూసినది చూసినట్టు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపాడు. అవన్నీ కూర్చి 1838లో అచ్చువేశారు. అందులో మజిలీల దూరాలున్నాయి, నదులున్నాయి, పంటలూ ధరవరలూ ఉన్నాయి, కులాచారాలున్నాయి, కుంఫిణీ పరిపాలన ఉంది, మతం మీద తర్కం ఉంది. ఇవాళ్టి లెక్కన అది భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం. తెలిసినదాన్ని అందంగా చెప్పటానికి ఆయన రాయలేదు. తెలియని దేశాన్ని తెలుసుకుంటూ, తెలుసుకోవటం కోసమే రాశాడు. పైగా ఆ రాత పరీక్షకుడికి కాదు, ఒక స్నేహితుడికి.

బోర్డువారు ఎరిగి ఎంచుకున్నారో లేదో గాని, ఎంచుకున్నది బ్రహ్మాండమైన నమూనా. దురదృష్టమేమంటే రెండు పక్షాలవారూ ఆ పుస్తకంలో క్రియాపదాల మీదే ఎక్కువగా కొట్లాడారు. అది శిష్టమా గ్రామ్యమా అన్నారు. ఇలాంటి రాత ప్రతి పిల్లవాడూ ప్రతి విషయంలోనూ రాస్తే ఏమవుతుందన్న ప్రశ్న మరుగున పడింది. వాడుకభాషావాదం భాషారూపం దగ్గర గెలిచి, రాతపని దగ్గర ఆగిపోవటానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ మరుగునపడ్డ ప్రశ్నను తరవాత ఇతర దేశాలవారు వేసుకున్నారు. మాట అన్నది ఆలోచనకు తొడిగిన చొక్కా కాదని, ఆలోచన మాటలోనే పూర్తి అవుతుందని సోవియట్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ 1934లో వచ్చిన తన గ్రంథంలో వాదించాడు. ఫ్రాన్సులో సెలెస్టెన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు తరగతి గదిలోకి అచ్చుయంత్రం తెచ్చి, పిల్లలు తమ ఊరిని గురించి రాసినవే అచ్చువేసి పాఠాలుగా చదివించాడు. ఇంగ్లండులో జేమ్సు బ్రిటనూ ఆయన సహచరులూ పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువాళ్లు వివిధ విషయాల్లో రాసిన రెండువేల పైచిలుకు రచనలు పరిశీలించి 1975లో ఫలితం ప్రకటించారు. వాటిలో దాదాపు సగం, మార్కులు వేసే ఉపాధ్యాయుణ్ణి ఉద్దేశించి రాసినవి. తనలో తాను ఆలోచించుకుంటూ, దగ్గరివాడితో చెప్పినట్టు రాసినవి నూటికి ఆరే. ఆ యేడే వెలువడిన బుల్లక్ సంఘం నివేదిక, భాష నేర్పే బాధ్యత భాషోపాధ్యాయుడిది మాత్రమే కాదని, ప్రతి విషయం చెప్పేవాడిదీనని తేల్చింది. మన పర్లాకిమిడి చరిత్ర మాష్టారు అంతకు ఆరు దశాబ్దాలకు ముందే ఆ దారి తొక్కాడు. దారిని చివరిదాకా వేసుకోనిది మనం.

రాయిస్తే చదువు వస్తుందనటానికి రుజువేమిటని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో 2004లో ఇటువంటి అధ్యయనాలను 48 పోగుచేసి చూశారు. 2020లో సైన్సు, సాంఘికశాస్త్రం, గణితం మీద జరిగిన 56 ప్రయోగాలను కలిపి చూశారు. రెండింటిలోనూ మేలే కనిపించింది. అయితే అద్భుతమైన మేలు కాదు, మోస్తరు మేలు. మొదటిదానిలో మనకు పనికివచ్చే రెండు సంగతులు తేలాయి. పొడుగు పొడుగు రాతపనులవల్ల లాభం తగ్గుతుంది. “నాకు ఏది అర్థమైంది, ఎక్కడ తికమకపడుతున్నాను” అని విద్యార్థి తన్నుతాను ప్రశ్నించుకునేటట్టు రాయిస్తే లాభం పెరుగుతుంది. అంటే రాత ఎంతన్నది కాదు ముఖ్యం, ఎలాంటిదన్నదే. పది పేజీల ఇంపోజిషను కన్నా అయిదు వాక్యాల సొంత రాత మేలు.

ఇది మన నేల మీద ఎలా ఉంటుందో నిడదవోలునే తీసుకుని చూద్దాం.

లెక్కల క్లాసు. ఎకరానికి 35 బస్తాలు పండింది, బస్తా 75 కిలోలు, మొత్తం ఎంత? పిల్లలు గుణించి 2,625 అని వేస్తారు. అక్కడితో ఆపకుండా, “నిన్న బడికి రాని నీ స్నేహితుడికి ఈ లెక్క ఎలా చేశావో నాలుగు వాక్యాల్లో రాసి చెప్పు” అనండి. ఎక్కాలు వచ్చినవాడికీ లెక్క వచ్చినవాడికీ తేడా అప్పుడు తెలుస్తుంది. తరవాత, “మీ యింటి పొలం మీద ఇలాంటి లెక్క నువ్వే ఒకటి కట్టు” అనండి. కౌలురైతు బిడ్డ రాసే లెక్కలో కౌలు బస్తాలు వస్తాయి, ఎరువు అప్పు వస్తుంది, కోతకూలి వస్తుంది. చివర మిగిలేది రెండంకెల సంఖ్యో, సున్నాయో, సున్నాకు అవతల పక్కదో. రుణసంఖ్యలు అంటే ఏమిటో ఆ పిల్లవాడికి మరి చెప్పనక్కర్లేదు.

సాంఘికశాస్త్రం. డెల్టా మెట్టును గురించి పాఠ్యపుస్తకంలో ఒక పేరా ఉంటుంది. ఎర్రకాలువ పొంగి నిడదవోలు పరిసరాల సార్వా చేలు మునగటం 2024 జులైలోనూ చూశాం. ఊడ్చిన చేను ఎన్నాళ్లు నీటిలో ఉంటే కుళ్లింది, నారు మళ్లీ ఎక్కడ దొరికింది, తన చిన్నతనంలో ఇలా మునిగేదా కాదా అని అమ్మమ్మను అడిగి రాసిన ఒక పేజీ, ఆ పేరాను వెలిగిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టను 1847-1852 నడుమ కాటన్ కట్టించాడని అందరూ రాస్తారు. “కట్టించాడు” అన్న మాట కింద ఒక గీత గీసి, రాళ్లు మోసినవాళ్లను గురించి నీకు కలిగిన ప్రశ్నలు మూడు రాయమంటే, కుర్రవాడు చరిత్రను కంఠస్థం చెయ్యటం మాని చదవటం మొదలుపెడతాడు.

చరిత్ర నిడదవోలుకు తక్కువేమీ కాదు. కాకతి రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడు ఇక్కడి పాలకవంశం వాడు. శాసనాల్లోని నిరవద్యపురమే ఈ ఊరని చరిత్రకారులు చెబుతారు. ఆ పేరు జనం నోట నలిగి నిడదవోలు ఎలా అయి ఉంటుందో పిల్లల్నే ఊహించి రాయమనండి. తప్పులు రాస్తారు. రాయనివ్వండి. తరవాత మీరు చెప్పే పాఠాన్ని చెవులప్పగించి వింటారు. పాఠానికి ముందు తన ఊహ రాసినవాడు, పాఠం అయ్యాక ఆ ఊహ ఎక్కడ మారిందో రాయగలుగుతాడు. సైన్సులో ప్రయోగానికి ముందు రాసే రాత కూడా ఇటువంటిదే. తూము తలుపు సంగతి ఆ అమ్మాయి రాసి ఉంటే, పీడనం నిర్వచనం ఆమె సొంత ఆస్తి అయి ఉండేది.

ఇన్ని చెప్పాక ఉపాధ్యాయ మిత్రులు తలపండిన నవ్వు ఒకటి నవ్వుతారని తెలుసు. “తరగతికి ఇంతమంది, సిలబసు ఇంత, పైన పరీక్ష. ఇవన్నీ ఎవరు దిద్దుతారండీ?” ఇది సాకు కాదు, నిజమైన కష్టం. కాని రాసిన ప్రతి అక్షరమూ దిద్ది తీరాలన్నది, రాతకు పరీక్ష తప్ప వేరే ప్రయోజనం లేదనుకున్న కాలపు ఆచారం. పాఠం చివర అయిదు నిమిషాలు రాయించి, నలుగురి చేత పైకి చదివించి, పక్కవాళ్లు మార్చుకుని చదువుకుంటే చాలు. ఎర్రసిరా అవసరం లేదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి నిజమే. వాటిని తెలుగు క్లాసులో దిద్దుదాం. సైన్సు క్లాసులో వాడు ఏమంటున్నాడో విందాం. ఏనుగుల వీరాస్వామయ్యకు పట్టిన తప్పులే మళ్లీ మన పిల్లలకు పట్టనక్కరలేదు.

ఉత్తర్వులు చాలవన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. 2010 తరవాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు పిల్లల ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అని నాలుగు అంగాలు పెట్టారు. సొంతమాటల్లో రాయాలని పాఠ్యపుస్తకాల్లోనే అచ్చయింది. కాగితం మీద అది గిడుగువారు కలగన్న బడి. ఆచరణలో ఏమైంది? సొంతమాటలు కూడా గైడులో అచ్చయి వచ్చాయి. ప్రాజెక్టులు దుకాణంలో అమ్మకానికి పెట్టారు. ప్రతిస్పందనకు మార్కులు పెట్టగానే ప్రతిస్పందన సరుకైంది. మార్కు, ర్యాంకు, సీటు అనే వరసలో నడిచే చదువు దేన్ని ముట్టుకున్నా సరుకుగానే మారుస్తుంది. దీన్ని ఉపాధ్యాయుల బద్ధకంగా చూడటం అన్యాయం. సొంత వాక్యం నెమ్మదిగా పుడుతుంది. అంగడికి తొందర ఎక్కువ.

ఇంకొక కారణం ఉంది. సొంతమాట వస్తే దాని వెంట సొంత బతుకు వస్తుంది. ఇందాకటి కౌలులెక్క చూడండి. గైడులోని రైతుకు కులం లేదు, అప్పు లేదు, పొలం ఎవరిదన్న ప్రశ్న లేదు. పిల్లవాడు రాసిన రైతుకు ఇవన్నీ ఉంటాయి. దించుకున్న నోట్సు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. పిల్లవాడి రాత బడినీ ఊరినీ కూడా ఇబ్బంది పెట్టగలదు. అందుకే దించుకునే రాత అంత నిక్షేపంగా ఇన్నాళ్లు బతికింది.

ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. 2019లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తరవాత ఎదురెదురు పేజీల్లో రెండు భాషలతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ విషయంలో మన శిబిరంలోనే రెండు మాటలున్నాయి. కూలివాడి బిడ్డకు ఇంగ్లీషు ఎందుకు అందకూడదని దళిత మేధావులు అడిగినదానికి, తల్లిభాష అంటూ కన్నీరు పెట్టటం జవాబు కాదు. మన పిల్లలను కాన్వెంట్లకు పంపి ఎదుటివాడి పిల్లలకు అమ్మభాష నూరిపోసే హక్కు మనకు లేదు. కాని ఒకటి మాత్రం చెప్పాలి. తెలుగు మాధ్యమంలో దించుకున్న పిల్లవాడు ఇంగ్లీషు మాధ్యమంలోనూ దించుకుంటాడు. అప్పుడు కనీసం చదివితే అర్థమయ్యేది, ఇప్పుడు అదీ ఉండదు. మాధ్యమం ఏదైనా, ఆలోచన మొదటి రాతలో తెలుగులో, తన వీధి తెలుగులోనే, నడవనివ్వాలి. కావలసినచోట రెండో రాత ఇంగ్లీషులోకి వెళ్లనివ్వాలి. ఎదురెదురు పేజీల పుస్తకం ఆ పనికి ఎంతో అనువైనది. మధ్యలో పిల్లవాడి పేజీ ఒకటి మాత్రమే కావాలి.

మన సంఘం మొదటి మహాసభ 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన జరిగింది. ధర్మారావుగారు పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడు. అంటే మనం ఆ బడినుంచి వచ్చినవాళ్లం. అయినా మన విమర్శ ఎనిమిది దశాబ్దాలుగా కథను చూసింది, కవితను చూసింది. ఈ దేశంలో అందరికన్నా ఎక్కువగా కాగితం ఖర్చుచేసే రచయిత, బడిపిల్లవాడు, రాసే రాతను సాహిత్యసమస్యగా చూడలేదు. రేపటి పాఠకుడు ఆ నోటుపుస్తకంలోనే తయారవుతున్నాడు. చిన్నప్పుడు తన వాక్యం తాను రాయనివాడు పెద్దయ్యాక ఇతరుల వాక్యాన్ని ప్రశ్నిస్తాడని ఆశించటం అత్యాశ. పత్రిక చెప్పింది దించుకుంటాడు, నాయకుడు చెప్పింది దించుకుంటాడు.

మనలో ఎంతోమంది ఉపాధ్యాయులున్నారు. ఈ విద్యాసంవత్సరంలో ఒక్క తరగతిలో, తెలుగు కాని ఒక్క విషయంలో, వారానికి రెండుసార్లు అయిదేసి నిమిషాలు ఈ పని చేసి, పిల్లలు రాసినదాన్ని దిద్దకుండా తీసుకురండి. దాని మీద మన శాఖల సమావేశాల్లో చర్చిద్దాం. గిడుగు జయంతికి దండలు వేసే సభకన్నా ఆ కాగితాలు చదువుకునే సభ ఆయనకు దగ్గరగా ఉంటుంది. తూము తలుపు ఎందుకు బరువెక్కుతుందో ఆ నిడదవోలు అమ్మాయి తన మాటల్లో రాసిన రోజున, 1912లో మొదలైన వాదం ఒక పిల్ల విషయంలోనైనా నెగ్గినట్టు.